గుళికలకు లొంగని నులిపురుగు: పలమనేరు వైపు ఒక టమాటా చేను (కేస్ స్టడీ)

2022 అక్టోబరు చివర్లో పలమనేరు వైపు నుంచి ఒక రైతు ఫోను చేశారు. "సార్, అంగట్లో ఉన్న మందులన్నీ వేసి చూశాను. టమాటా నిలబడటం లేదు. కొత్త మందు ఏదైనా వచ్చిందా?" అని అడిగారు. తిరుపతిలో ఉంటూ పదిహేనేళ్లుగా నేల విషయంలో రైతులకు సలహాలు ఇస్తున్నాను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అయినా ఆయనకు సరైన సమాధానం చెప్పడానికి ఏడాదిన్నర పైగా పట్టింది. మధ్యలో ఒక పంట నా సలహా మీదే దెబ్బతింది. ఎక్కడ తప్పు ఆలోచించానో, ఎక్కడ దారి మారిందో ఉన్నది ఉన్నట్టు రాసి పెడితే ఈ పనిలో ఉన్న మిగతావాళ్లకు పనికొస్తుంది. రైతు పేరు, ఊరు, మండలం రాయడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. మట్టి వివరాలు మాత్రం మార్చలేదు.

నేపథ్యం

చిత్తూరు నుంచి బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాటు ఎక్కగానే గాలి చల్లబడుతుంది. కింద మామిడి తోటలు, చెరకు. పైన టమాటా, మల్బరీ, కూరగాయలు. ఏడాది పొడవునా టమాటా పండించగల వాతావరణం ఆ పీఠభూమికి వరం. ఈ కేసులో అదే చిక్కు కూడా అయింది.

ఆయనకు మూడు ఎకరాలు, ఒక బోరు. ఎర్ర గరప నేల. ఒకప్పుడు రాగి, వేరుశనగ వేసేవారు. పన్నెండేళ్లుగా టమాటాయే. కొన్నేళ్లు ఏడాదికి రెండు పంటలు కూడా తీశారు. మధ్యలో ఎప్పుడైనా వంగ, బీన్సు. ఇంట్లో ఆరు పశువులు ఉండేవి, ఇప్పుడు ఒక్క పాడి ఆవు మిగిలింది. ఎరువంటే లారీలో వచ్చే పచ్చి కోళ్ల ఎరువు, దుక్కిలో డీఏపీ, ఆ తర్వాత డ్రిప్పులో కరిగే ఎరువులు. ప్రతి పంటకు ముందు రోటవేటర్ మూడు నాలుగు సార్లు తిరుగుతుంది. మొక్క మొదట్లో పురుగుమందు గుళికలు పడతాయి. ఐదేళ్లుగా సాళ్ల మీద ప్లాస్టిక్ మల్చింగ్ షీటు.

ఇందులో ఏ ఒక్కటీ ఆయన సొంత కల్పన కాదు. చుట్టుపక్కల అందరూ చేస్తున్నదే చేశారు, అందరికన్నా శ్రద్ధగా చేశారు. నష్టపోయిన రైతును నిర్లక్ష్యపు రైతు అనుకోవడం మాలాంటివాళ్లకు తేలిక. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

సమస్య

2021 నవంబరు వానలకు చేను రోజుల తరబడి నీళ్లలో నానింది. ఆ తర్వాతి పంటలోనే మొక్కలు విడతలు విడతలుగా వాడటం మొదలైందని ఆయన చెప్పారు. మధ్యాహ్నం తల వాల్చిన మొక్క సాయంత్రానికి కోలుకుంటుంది. పది పదిహేను రోజులు అలా ఊగిసలాడి ఆకు పసుపెక్కుతుంది, కాయ చిన్నదైపోతుంది, చివరికి కొన్ని నిలువునా ఎండిపోతాయి. ఊళ్లో దాన్ని ఎండు తెగులు అన్నారు. రాగి (కాపర్) మందు, యాంటీబయాటిక్ పొడి కలిపి మొదళ్లలో పోశారు. గుళికల మోతాదు రెట్టింపు చేశారు.

నవంబరులో వెళ్లి మొక్కలు పీకి చూశాం. లాగడం సరిపోదు, పారతో చుట్టూ తవ్వి మట్టితో సహా ఎత్తాలి, లేకపోతే అసలు సంగతి భూమిలోనే ఉండిపోతుంది. వేళ్లు పూసలు గుచ్చిన దారాల్లా ఉన్నాయి. ఆయన కొడుకు చూసి "వేరుశనగకు ఉండే బుడిపెలు కదా, మంచివే కదా" అన్నాడు. అది చాలామందికి వచ్చే అనుమానమే. వేరుశనగ వేరు మీద రైజోబియం అనే మంచి బాక్టీరియా బుడిపె పక్కకు అంటుకుని ఉంటుంది, గోటితో తోస్తే ఊడి వస్తుంది, చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. ఇక్కడ వేరే ఉబ్బిపోయింది. బుడిపెను ఊడదీయబోతే వేరు తెగుతుంది. ఇది వేరుబుడిపె నులిపురుగు (నెమటోడ్) పని. మట్టిలో ఉండే, కంటికి కనిపించనంత చిన్న పురుగు అది.

ఎండిన మొక్కల కాండం కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టాం. బాక్టీరియా ఎండు తెగులైతే కోసిన చోటి నుంచి పాల దారంలా జారుతుంది. పది మొక్కల్లో ఒక్కదానికీ జారలేదు. నిలువునా చీలిస్తే మూడింటిలో గోధుమ రంగు చారలు కనిపించాయి. అది ఫ్యుజేరియం శిలీంధ్రం గుర్తు. అంటే నులిపురుగు వేరుకు చిల్లులు పెడుతోంది, ఆ చిల్లుల్లోంచి శిలీంధ్రం లోపలికి పోతోంది. ఏడాదిగా పోసిన యాంటీబయాటిక్ పొడి అక్కడ లేని తెగులుకు పోసిన మందు.

భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.28 శాతం. 0.5 కన్నా తక్కువైతేనే తక్కువ అంటాం. భాస్వరం మాత్రం అధికం అనే గీత దాటి చాలా పైకి పోయింది. పన్నెండేళ్ల డీఏపీ అక్కడే కూర్చుని ఉంది.

గట్టు మట్టి, చేని మట్టి

ఆ రోజు ఇంకో పని చేశాం. చేని మధ్యలో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తీసి మట్టిని గోనె మీద పోసి వేళ్లతో జల్లించాం. వానలు పడుతున్న కాలం, నేల తడిగా ఉంది. ఒక్క వానపాము కూడా లేదు. పది అడుగులు నడిచి గట్టు మీద కానుగ చెట్టు కింద అలాంటి గుంటే తీశాం. పదకొండు వానపాములు, రెండు జెర్రులు, లెక్కపెట్టలేనన్ని తెల్లటి ఎగిరే చిన్న ప్రాణులు.

రెండు చోట్ల నుంచీ పిడికెడు గడ్డలు తెచ్చి నీడలో ఆరబెట్టి, రెండు రోజుల తర్వాత రెండు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదిలాం. చేని గడ్డ నీళ్లు తగలగానే బుసబుసమని బుడగలు వదిలి, టీలో పంచదార పలుకు కరిగినట్టు కరిగి అడుగున బురదగా పడింది. కానుగ కింది గడ్డ అలాగే నిలిచింది. అరగంట తర్వాత కూడా నీళ్లు తేటగానే ఉన్నాయి. రైతు భార్య రెండు గ్లాసులూ ఎత్తి వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. "రెండూ మా నేలే కదా సార్" అన్నారు.

రెండూ ఒకే నేల. తేడా అంతా దాంట్లో కాపురం ఉన్నవాళ్లది. బాక్టీరియా వదిలే జిగురు, శిలీంధ్రాల దారపు పోగులు, వేళ్ల మీద బతికే మైకోరైజా అనే మేలు శిలీంధ్రం, వానపాము కడుపులోంచి వచ్చిన మట్టి, ఇవన్నీ కలిసి రేణువులను గడ్డకట్టిస్తాయి. ఆ గడ్డల మధ్య సందుల్లోంచే నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది. రోటవేటర్ ఆ పోగులను ప్రతి పంటకూ మూడు నాలుగు సార్లు తెంపింది. తినడానికి కర్బనం లేదు. భాస్వరం ఎక్కువైన నేలలో మొక్కకు మైకోరైజాతో అవసరం తగ్గి, దానికి తన పిండిపదార్థం పెట్టడం మానేస్తుంది. గుళికలు మంచి నులిపురుగులను, చెడ్డవాటిని వేరు చేసి చంపవు.

మంచి నులిపురుగులా అని ఆమె అడిగారు. టీ వడపోసే జాలీలో టిష్యూ కాగితం పరిచి, దాని మీద చెంచాడు మట్టి వేసి, అడుగు మాత్రం నీళ్లకు తగిలేలా రాత్రంతా పెట్టాం. పొద్దున ఆ నీటి బొట్టును సూక్ష్మదర్శినిలో పెట్టి చూపించాను. కానుగ మట్టిలో రకరకాల నులిపురుగులు మెలికలు తిరుగుతున్నాయి. నోరు తెరుచుకుని బాక్టీరియాను మింగేవి, లోపల పల్లుతో తోటి నులిపురుగులనే వేటాడేవి. చేని మట్టిలో దాదాపు అన్నీ ఒకే రకం, సూదిలాంటి మూతితో వేరును పొడిచే పిల్ల పురుగులు. ఎవరూ లేని ఊరిని దొంగలు ఆక్రమించినట్టు ఉంది.

బాక్టీరియాను తినే నులిపురుగు మొక్కకు ఎరువు వేస్తుందని చెబితే మొదట ఎవరూ నమ్మరు. బాక్టీరియా ఒంట్లో నత్రజని చాలా ఎక్కువ. దాన్ని తిన్న నులిపురుగుకు అంత అక్కరలేదు, మిగిలింది అమ్మోనియంగా వేళ్ల దగ్గరే వదిలేస్తుంది. ఆవు గడ్డి తిని పేడ వేస్తే చేనికి ఎరువైనట్టే, మట్టి లోపలా మేసేవి, మేయబడేవి ఉంటేనే మొక్కకు తిండి అందుతుంది.

నేలలోని జీవం నూలును ఎంత తింటుందో చూడటానికి, ఆ రోజు వెళ్లే ముందు అడుగు చదరం నూలు గుడ్డ ముక్కలు రెండు, అంచులు పాలిస్టర్ దారంతో కుట్టినవి, ఒకటి చేనిలో, ఒకటి గట్టు దగ్గర నాలుగు అంగుళాల లోతున పాతి కర్రలు గుచ్చి వచ్చాను.

మొదటి ప్రయత్నం, నా పొరపాటు

ఇంత చూసి కూడా నేను ఇచ్చిన సలహా మందు సలహాయే. డిసెంబరులో నారు నాటాలని ఆయన పట్టు. నారు అప్పటికే కొన్నారు, అప్పు కూడా తెచ్చారు. నాటవద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తెగులు శిలీంధ్రాలను అణిచే ట్రైకోడెర్మా శిలీంధ్రం, సూడోమోనాస్ బాక్టీరియా, నులిపురుగు గుడ్లను తినే పర్పురియోసిలియం శిలీంధ్రం, ఈ మూడు జీవ కల్చర్లు రాసిచ్చాను. మూడూ మంచివే, పరిశోధనలో నిలిచినవే. పశువుల ఎరువులో వృద్ధి చేసి వేయాలని కూడా చెప్పాను. ఎరువు దొరకలేదు. దొరక్కపోతే డ్రిప్పులో వదలండి అన్నాను. అది నేను అనకూడని మాట.

జనవరి చివర్లో గుడ్డలు తవ్వాం. గట్టు దగ్గర పాతిన దాంట్లో మట్టి అంటిన కుట్టు చట్రం మాత్రమే మిగిలింది, మధ్యలో నూలంతా మాయమైంది. చేనిలోది మరకలు పడి ఉందంతే. ఉతికితే పొయ్యి దగ్గర మసిగుడ్డగా వాడుకోవచ్చు. దూదిని కరిగించగల జీవం లేని చోట సీసాలో తెచ్చిన జీవం ఎలా బతుకుతుందన్న ప్రశ్న నాకు అప్పుడే రావాలి. నేను ఇంకో మోతాదు కల్చర్ పోయించాను.

మార్చికి చేను మళ్లీ వాడింది. ఏప్రిల్‌లో పంట పీకేశారు. లెక్కలు తీస్తే ఒక్కొక్కటే బయటపడ్డాయి. సీసాలు వాడే వరకూ మోటారు గదిలో రేకు కప్పు కింద ఉన్నాయి. కల్చర్ వదిలిన నాలుగో రోజున, ఆకు మచ్చ చూసి భయపడి, రాగి మందు మొదళ్లలో పోశారు. రాగి ఎక్కువైతే ట్రైకోడెర్మాకూ గిట్టదు, సూడోమోనాస్ బాక్టీరియాకూ గిట్టదు. ఇవి ఆయన వైపు కారణాలు. నా వైపు కారణం ఇంకా పెద్దది. ఆ నేలలో వాటికి తిండి లేదని రెండు గ్లాసుల్లో కళ్లారా చూసి కూడా, ఆకలితో ఉన్న ఇంటికి అతిథులను పంపాను.

మళ్లీ ఆలోచన

ఏప్రిల్‌లో ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, డబ్బు నష్టానికి నా బాధ్యత ఒప్పుకుని, మొదటి నుంచి మాట్లాడుకున్నాం. నా ముందు మూడు దారులు ఉన్నాయి.

మొదటిది ఎండాకాలంలో పలుచటి ప్లాస్టిక్ పరిచి నేలను ఉడికించడం. నారుమడికి చాలా మంచి పద్ధతి. మూడు ఎకరాలకు ఖర్చు ఎక్కువ, పీఠభూమి మీద ఎండ తిరుపతి ఎండ కాదు, పైగా మిగిలిన కొద్దిపాటి మంచి జీవం కూడా వేడికి పోతుంది. వద్దనుకున్నాం.

రెండోది వానలకు ముందు నవధాన్యాలు చల్లడం. రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఏటా చేస్తున్నదే, నేను గట్టిగా సమర్థించే పద్ధతే. ఇక్కడ మాత్రం ఒక ముల్లు ఉంది. ఆ విత్తనాల్లో అలసంద, పెసర ఉంటాయి. వేరుబుడిపె నులిపురుగుకు అవి ఇష్టమైన ఇళ్లు. మరో చేనిలో ఇదే మిశ్రమం చల్లమని నిస్సందేహంగా చెప్పేవాడిని. ఈ చేనిలో అది పురుగుకు విందు అవుతుంది.

మూడోది పురుగుకు తిండి ఆపి, మిగతా జీవానికి తిండి పెట్టే పంటలు వేయడం. ఈ పురుగు జీవిత చక్రం వెచ్చటి నేలలో దాదాపు నెల. ఆడపురుగు ఒక్కో గుడ్ల సంచిలో వందల గుడ్లు పెడుతుంది. ఐదు నెలల టమాటాలో నాలుగు తరాలు పుడతాయి. పన్నెండేళ్లుగా ఆ వరుస తెగలేదు. దాన్ని తెంచడానికి జనుము, బంతి ఎంచుకున్నాం. జనుము ఈ పురుగుకు ఆశ్రయం ఇవ్వదు, పైగా దున్నితే నేలకు కర్బనం, నత్రజని. బంతి వేళ్లలోని రసాయనం నులిపురుగును చంపుతుంది. అయితే గట్టు చుట్టూ నాలుగు మొక్కలు నాటితే సరిపోదు, చేనంతా కనీసం రెండు మూడు నెలలు ఉండాలి. బంతికి అమ్మకం కూడా ఉంది. దసరా నుంచి కార్తీకం దాకా పూలకు గిరాకీ తగ్గదు.

టమాటా వంద దాటిన జూలై

మే నెలలో ఒక్కసారి లోతు దుక్కి చేసి ఎండకు వదిలాం. దుక్కి శిలీంధ్రపు పోగులకు మంచిది కాదు, అయినా గుడ్లు పైకి వచ్చి ఎండాలంటే ఈ ఒక్కసారికి తప్పదనుకున్నాం. జూన్ వానకు జనుము చల్లాం, ఎకరాకు ఇరవై కిలోలు.

జూలై వచ్చింది. 2023 జూలై టమాటా ధర ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోరు. కిలో వంద దాటి పరుగెత్తింది. పక్క చేల నుంచి పెట్టెలు పోతుంటే వాళ్ల చేనిలో నడుము ఎత్తు జనుము. కొడుకు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. "పీకేసి నాటుదాం" అని ఇంట్లో గొడవ. ఆ ధర నిలుస్తుందో లేదో చెప్పగలిగేవాడు అప్పుడు ఎవరూ లేరు, నేను అసలే కాదు. అప్పుల్లో ఉన్న ఇంటికి "ఆగండి" అని రెండోసారి చెప్పే హక్కు నాకు ఎంతవరకు ఉందని చాలా ఆలోచించాను. చివరికి మధ్యే మార్గం పట్టాం. తెగులు అన్నిటికన్నా తక్కువగా ఉన్న పై ఎకరంలో జనుము తీసేసి టమాటా నాటారు. కింది రెండు ఎకరాలు జనుముకే వదిలారు. ఆ ఎకరం కాపుకొచ్చేసరికి ధర కూలింది. కూలీల ఖర్చు పోను మిగిలింది తక్కువ. నాకు మాత్రం పోల్చుకోవడానికి ఒక ఎకరం దొరికింది, అది కూడా మొదట్లో బాగున్న ఎకరం.

జూలై చివర్లో పూత మొదలైన జనుమును కలియదున్నాం. పచ్చిరొట్ట కుళ్లే మొదటి రోజుల్లో నారు వేస్తే మొదలు కుళ్లు వస్తుంది కాబట్టి మూడు వారాలు ఆగి ఆగస్టు మధ్యలో బంతి నాటాం. దసరాకు మొదటి కోత. కార్తీక మాసం పూర్తయ్యే వరకూ కోస్తూనే ఉన్నారు. టమాటా లాభం కాదు కానీ అప్పు మీద వడ్డీ కట్టగలిగారు.

అవ్వ చెప్పిన మాట

డిసెంబరులో ఎరువు ఎక్కడి నుంచి తేవాలన్నదే చిక్కు. రైతు తల్లి, ఎనభై దాటిన అవ్వ, ఓ మూల కూర్చుని వింటున్నారు. "మా కాలంలో మంద కట్టించకుండా మడక కట్టేవాళ్లం కాదు" అన్నారు. గొర్రెల మందను రాత్రి చేనిలో పడుకోబెట్టే పాత అలవాటు. నా లెక్కల్లో ఆ మాటే రాలేదు. గొర్రెల కాపరులను వెతికి మాట్లాడి, జనవరిలో కింది రెండు ఎకరాల్లో మందను చోటు మారుస్తూ పడుకోబెట్టించారు. పెంట, మూత్రం నేరుగా మట్టిలోకే పోయాయి. రవాణా ఖర్చు లేదు. బంతి మొక్కలను కోసి సాళ్ల మధ్య పరిచారు. వేళ్లను పీకలేదు, అవి నేలలోనే కుళ్లి దారులు కావాలి.

కల్చర్లను వదిలిపెట్టలేదు, ఈసారి తిండి పెట్టి పంపాం. కానుగ చెట్టు నీడలో వంద కిలోల చివికిన పశువుల ఎరువు, పది కిలోల వేప పిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా పొరలు పొరలుగా కలిపాం. పిడికిట్లో బిగిస్తే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు, తేమ అంతవరకే. పైన తడి గోనెలు కప్పాం. నాలుగో రోజు గోనె ఎత్తితే ఎరువు మీద తెల్లటి బూజు, దూది దువ్వి పరిచినట్టు. ఎనిమిదో రోజుకు అది ఆకుపచ్చగా మారింది. పుట్టగొడుగు వాసన, కొత్త వానకు నేల వాసన కలిసి వచ్చాయి. రైతు ఆ వాసన చూసి "ఇది బతికే ఉంది" అన్నారు. కుప్పలు ఒక్కొక్కటిగా చేసుకుంటూ మూడు ఎకరాలకూ సమానంగా వేశాం. గొర్రెల మంద, బంతి, జనుము మాత్రం రెండు ఎకరాలకే. కల్చర్ అన్నిచోట్లా ఒకటే కాబట్టి తేడా వస్తే అది నేలది అవుతుంది.

ఇంకొన్ని మార్పులు. డీఏపీ పూర్తిగా ఆపేశాం. గుళికలు ఆపేశాం. రోటవేటర్ ఒక్కసారికే పరిమితం చేశాం. రెండు ఎకరాల్లో ప్లాస్టిక్ షీటు బదులు కింది ఊళ్ల నుంచి చెరకు ఆకు తెప్పించి సాళ్ల మీద మందంగా పరిచాం. చెదలు పడతాయని భయపడ్డారు, పడ్డాయి కూడా. తేమగా ఉన్న చోట ఎండాకు తింటూ అక్కడే ఉన్నాయి, టమాటా మొదళ్ల జోలికి రాలేదు. అవి తవ్విన సొరంగాల్లోంచి నీరు దిగడం కూడా చూశాం. మొదళ్లలో పోయడానికి రాగి మందు వాడాల్సి వస్తే ముందు నాకు ఫోను చేయాలని ఒప్పందం. రెండుసార్లు ఫోను వచ్చింది. రెండుసార్లూ మొదళ్లలో పోయకుండా ఆకుల మీద పిచికారీతో సరిపెట్టాం.

ఫలితం

2024 ఫిబ్రవరి మొదట్లో మూడు ఎకరాల్లోనూ ఒకే నర్సరీ నుంచి తెచ్చిన ట్రే నారు నాటారు. మే నెలలో ఒక్కో చోట వంద మొక్కలు వరుసగా లెక్కపెట్టాం. పై ఎకరంలో వందకు ముప్పై ఒకటి వాడిపోయాయి లేదా చనిపోయాయి. కింది రెండు ఎకరాల్లో వందకు తొమ్మిది. వేరుబుడిపెల తీవ్రతను సున్నా నుంచి ఐదు వరకు వేసే కొలతలో పై ఎకరం 4, కింది ఎకరాలు సగటున 2. అంటే పురుగు పోలేదు. దాని పక్కన ఇతరులు కూడా బతుకుతున్నారు. టీ జాలీ పరీక్షలో బాక్టీరియాను తినే నులిపురుగులు ఎక్కువగా కనిపించాయి, వేటాడే రకం రెండు కనిపించాయి.

గుడ్డలు మళ్లీ పాతాం. అరవై రోజులకు కింది ఎకరాల్లోని గుడ్డ జల్లెడలా అయింది, కుట్టు చట్రం ఇంకా పూర్తిగా బయటపడలేదు. పై ఎకరంలోది మూలలు మాత్రం తిని ఉంది. కానుగ చెట్టు కింది స్థాయికి రావడానికి ఇంకా ఏళ్లు పడతాయి. అడుగు గుంటలో వానపాములు నాలుగు.

నీళ్ల తేడా రైతే మొదట గుర్తించారు. చెరకు ఆకు పరిచిన సాళ్లకు మోటారు తక్కువసేపు వేస్తున్నారు. బోరు మీద బతికే చోట అది చిన్న సంగతి కాదు.

ఈ కేసు నుంచి నేను మార్చుకున్నవి

వేరుబుడిపె కనిపిస్తే పురుగు సంఖ్య ఒక్కటే రాసుకునేవాడిని. ఇప్పుడు అదే నీటి బొట్టులో ఇంకెవరు ఉన్నారో, ఎవరు లేరో కూడా రాస్తున్నాను. చికిత్స అక్కడి నుంచి మొదలవుతుంది. సేంద్రియ కర్బనం అరశాతం లోపు ఉన్న నేలకు జీవ కల్చర్‌ను ఒంటరిగా రాసివ్వడం మానేశాను. ఎరువు లేకపోతే కల్చర్ కొనవద్దనే చెబుతున్నాను, ఆ డబ్బుతో జనుము విత్తనం కొనమంటున్నాను. నవధాన్యాలు సిఫారసు చేసే ముందు వేళ్లు తవ్వి చూడటం తప్పనిసరి చేసుకున్నాను.

పంట మానుకోమని చెప్పడం మందు రాసివ్వడం కన్నా చాలా కష్టమైన సలహా. 2022 డిసెంబరులో నేను తప్పించుకున్నది దాన్నే. అప్పుడే చెప్పి ఉంటే ఆయనకు ఒక పంట నష్టం తప్పేది. ఒకవేళ ఆయన వినకపోయినా, కనీసం ఒక ఎకరమైనా వదలమని అడిగి ఉండాల్సింది. రైతు మొత్తం చేను ఖాళీగా పెట్టలేడు. మూడో వంతు పెట్టగలడు. ఇప్పుడు సంభాషణను అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఒక చోట పని జరగలేదు. చేని అడుగు మూల, పైన ఉన్న పొలం నుంచి వాన నీరు వచ్చి నిలిచే ముప్పై సెంట్లలో, 2024లో కూడా బుడిపెల తీవ్రత నాలుగే. పై పొలంలోనూ టమాటాయే, ఆ మట్టి ప్రతి వానకూ వీళ్ల మూలకు కొట్టుకొస్తుంది. గట్టు ఎత్తు పెంచి, నీళ్లు పక్కకు మళ్లే కాలువ తీయాలి. దానికి పక్క పొలం వాళ్ల ఒప్పుకోలు కావాలి. ఆ మాటలు నడుస్తున్నాయి. అప్పటిదాకా ఆ మూలలో ఏడాది పొడవునా బంతి మాత్రమే.

గత జూన్‌లో వెళ్లినప్పుడు పై ఎకరంలో జనుము మోకాలి ఎత్తు ఉంది. చల్లమని నేను చెప్పలేదు. గట్టు మీద కొడుకు కూర్చుని ఉన్నాడు, పక్కన రెండు గాజు గ్లాసులు, ఆరబెట్టిన మట్టి గడ్డలు రెండు.